తెర చీకటైన సాయంత్రం

సిద్దిపేటలో ఈ ఇంట్లోకి కిరాయికి దిగిన కొత్తలో, కింది వాటాలో ఎవరుంటారని ఇంటాయన్ని అడిగాను. "ఒక టీచరమ్మ, వాళ్లమ్మ ఉంటరు. మంచోళ్లు" అన్నాడు. ఆ టీచరమ్మకు చూపు లేదని మాత్రం చెప్పలేదు. ఆ సంగతి మాకు తెలియడానికి కొన్ని రోజులు పట్టింది. ఆమె పొద్దున్నే వాకిలి కడిగేది, దండెం మీద బట్టలు ఆరేసేది, బడికి వేళవుతోందని తల్లిని తొందరపెట్టేది. ఒకరోజు మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు నేను నవ్వితే ఆమె తిరిగి నవ్వలేదు. పలకరింపు ఇష్టం లేని మనిషేమో అనుకున్నాను. మర్నాడు చేతికర్ర పట్టుకుని గేటు దాటుతుంటే చూశాను.

తర్వాత వాడకట్టు వాళ్లందరిలాగే నేనూ ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలవడం మొదలుపెట్టాను. నాకంటే పెద్దది కాబట్టి ఆమె నన్ను చెల్లె అనేది. రంజానుకు వాళ్లింటి నుంచి షీర్‌ఖుర్మా పైకి వచ్చేది. బతుకమ్మకు మా ఇంటి నుంచి సత్తుపిండి కిందికి వెళ్లేది. అంతకు మించిన రాకపోకలు లేవు. మందు సీసా మీద ఏం రాసుందో చదివి చెప్పమంటే చెప్పేదాన్ని, వీధి చివరి దాకా తోడు పోయేదాన్ని.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. అర్ధ సంవత్సరం పరీక్షల ముందు ఒక ఆదివారం సాయంత్రం, టైపు చేసి పెట్టుకున్న ప్రశ్నపత్రాన్ని ఒకసారి చూసుకుని పంపేద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. మర్నాడు పొద్దున్నే అది ప్రెస్సులో ఉండాలి. మీట నొక్కితే తెర నల్లగా అలాగే ఉండిపోయింది. ఆపి మళ్లీ నొక్కాను. చార్జర్ తీసి పెట్టాను. మూత మూసి, కాసేపాగి తెరిచాను. నా ముఖం తప్ప అందులో ఏమీ కనిపించలేదు.

మా ఆయన శిక్షణ కోసం హైదరాబాదులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "దాన్ని ఎక్కువ కదిలియ్యకు, రేపు దుకాణంల చూపిద్దాం" అన్నాడు. రేపటికి ప్రశ్నపత్రం కావాలి కదా అని ఫోన్ పెట్టేశాను. ఆదివారం కాబట్టి బస్టాండు దగ్గరి దుకాణం మూసి ఉంది. ప్రశ్నపత్రం ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

మా మామ కొండపాకలో పొలం కౌలుకిచ్చి మా దగ్గరే ఉంటున్నాడు. ఆపా ఆయన్ని బాపు అంటుంది. సాయంత్రం వార్తలు ఆయనకు తప్పనిసరి. నా అవస్థ చూసి టీవీ సౌండు తగ్గించాడు.

"గా డబ్బా మొత్తానికే పోయిందా బిడ్డా?"

"ఏమో మామా, ఏం తెలుస్తలేదు."

అప్పుడే ఆపా మా స్టీలు గిన్నె తిరిగిచ్చేందుకు పైకి వచ్చింది. గడప దగ్గరే ఆగి, "ఏందమ్మా, బాపు టీవీ సౌండు గింత తగ్గించిండు? అంత మంచిదేనా?" అంది.

"ల్యాప్‌టాప్ పోయింది ఆపా."

"పోయిందని ఎట్ల తెలిసింది?"

"మీట నొక్కుతే ఏం కనిపిస్తలేదు."

"కనిపిస్తలేదు సరే. ఏమన్న వినిపిస్తుందా?"

నేను వినలేదు. అంతసేపూ చూస్తూనే ఉన్నాను.

ఆపా వచ్చి నా పక్కన కూర్చుంది. ముందు తీగలన్నీ పీకేసి, మీటను కాసేపు గట్టిగా ఒత్తి పట్టుకొమ్మంది. అలా చేస్తే ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుందట. సర్దుకోలేదు. మళ్లీ చార్జర్ పెట్టించి, మీట నొక్కించి, అరచేతిని ల్యాప్‌టాప్ పక్కకు ఆనించి తల వంచింది. మామ టీవీ సౌండు పూర్తిగా తీసేశాడు.

"ఫ్యాను తిరుగుతుంది. గాలి గూడ వేడిగ వస్తుంది. క్యాప్స్ లాక్ నొక్కి చూడు, దాని మీద చిన్న లైటు ఉంటది కదా."

నొక్కాను. వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరింది.

"అయితే అది మంచిగనే లేచింది చెల్లె. నువ్వు చెప్పేది వింటుంది. పోయింది తెర ఒక్కటే."

వెలుగు పెంచే మీట నొక్కించింది. ఫలితం లేదు. అప్పుడు ఫోన్‌లో టార్చి వేసి తెర మీద ఏటవాలుగా పట్టి చూడమంది. అలాగే పట్టాను. మొదట ఏమీ కనిపించలేదు. ఫోన్‌ను కొంచెం కిందికి వంచేసరికి నలుపు అడుగున గడియారం అంకెలు, మా అమ్మాయి చిన్నప్పటి ఫోటో లీలగా కనిపించాయి.

"ఉన్నయి ఆపా. అన్నీ ఉన్నయి."

"ఎట్ల కనిపిస్తున్నయి?"

"మురికి నీళ్ల అడుగున ఉన్నట్టు."

ఆపా అరచేతిని ల్యాప్‌టాప్ పక్క నుంచి తీసేసింది. తర్వాత, "నాకు గూడ ఆఖరికి గట్లనే కనిపిస్తుండె" అంది.

ఆమె నా మాట కోసం ఆగలేదు. మూడు మీటల పేర్లు చెప్పి, వాటిని కలిపి నొక్కమంది. ల్యాప్‌టాప్‌లోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లుగా వాడుతున్నా దానికి గొంతుందని నాకు తెలియదు. మామ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఎవరామె?"

"లోపల ఉండే మనిషి బాపూ. పిలిస్తెనే మాట్లాడుతది" అని ఆపా నవ్వింది.

ఆ గొంతు చెప్పే దాన్ని బట్టి పాస్‌వర్డ్ కొట్టాను. బాణం మీటలతో ఒక్కో అడుగూ వేస్తూ ఫైలు దగ్గరికి చేరాం. తొందరలో రెండుసార్లు వేరే ఫైలు తెరిచాను. ఆపా మాత్రం, "వెనక్కి రా, తొందర లేదు" అంటూ కూర్చుంది. చివరికి ప్రశ్నపత్రం తెరుచుకుంది. ఆ గొంతు 'వన్' అని ఆగింది. 'టూ' అని ఆగింది. అంకెల మధ్య నేను రాసిన తెలుగంతా దానికి లేనట్టే ఉంది.

"నీ ల్యాప్‌టాప్‌ల తెలుగు గొంతు పెట్టలే. నా దాంట్ల ఉన్నది" అంది ఆపా. "ఇప్పుడు పెట్టుకుంట కూసుంటె ఆలస్యమైతది. మీ టీవీకి వెడల్పు మూతి తీగ ఉంటది, సెట్‌టాప్ బాక్సు నుంచి వస్తది. అది పీకి దీనికి పెడితె టీవీల కనిపిస్తది."

నేను మామ వైపు చూశాను. వార్తలు ఇంకా నడుస్తున్నాయి. ఆయన టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చి, దుమ్ము దులుపుతూ తానే తీగ పీకి ఇచ్చాడు. తీగ తగిలించి, ఆపా చెప్పిన మీటలు నొక్కి, ఆ గొంతు 'డూప్లికేట్' అన్నప్పుడు ఆగి ఎంటర్ కొట్టాను. గోడ మీది టీవీలో నా ప్రశ్నపత్రం వచ్చింది. ఒక్కో అక్షరం అరచేయంత ఉంది.

నేను చేసిన మొదటి పని దాన్ని మెయిల్లో కాలేజీకి పంపడం కాదు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. అది అయ్యాకే ఊపిరి పీల్చుకున్నాను. ఇక తప్పులు చూడాలి. మామ అప్పటికే పైకి చదవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఊరి బడిలో చదివిన చదువు, ఒత్తులన్నీ నొక్కి పలుకుతాడు. ఒక ప్రశ్న దగ్గర ఆగి, "మీ ప్రాంతంలోని జలాశయాన్ని వర్ణిస్తూ మిత్రునికి లేఖ రాయండి అన్నవు. మర్కూక్ దిక్కు పోరగాండ్లయితె కొండపోచమ్మ సాగర్ గురించి రాస్తరు. సాగరే చూడనోడు ఏం రాస్తడు?" అన్నాడు.

"చూడకున్న రాయొచ్చు బాపూ" అంది ఆపా.

ఇంకొన్ని ప్రశ్నల తర్వాత ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఆగున్రి. మహోన్నతం విడదీయమని ఇంతకుముందు ఒకసారి అడిగిన్రు కదా?"

వెనక్కి వెళ్లి చూస్తే నిజమే. టైపు చేసిన నేను ఎన్నిసార్లు చూసుకున్నా పట్టుకోలేకపోయాను. దాని చోట వేరే పదం పెట్టి, పత్రం పంపేశాను.

చాయ పెట్టేసరికి మామ తీగ యథాస్థానంలో పెట్టి వార్తల్లోకి వెళ్లిపోయాడు. ఆపా, నేనూ వంటింట్లో కూర్చున్నాం. 'నాకు గూడ ఆఖరికి గట్లనే' అని ఆమె అన్న మాట నన్ను వదల్లేదు. అడగొచ్చో లేదో అనుకుంటూనే అడిగాను.

"డిగ్రీ అయినంక కంప్యూటర్ సెంటర్ల టైపింగు నేర్పుతుంటి" అని మొదలుపెట్టింది. "నా కంప్యూటర్ తెర అంచుల పొంటి నల్లగయితుండె. తర్వాత మొత్తం మసక. వెలుగు ఎంత పెంచినా గంతే. తెర ఖరాబయిందని దుకాణానికి తీస్కపోయిన. చూసి, మంచిగనే ఉన్నదన్నడు. మళ్ల తీస్కపోయిన. గదే మాట. ఆఖరికి ఆయన కొత్త తెర తెచ్చి పెట్టి, ఇప్పుడెట్లున్నది మేడం అన్నడు. గదే మసక. అప్పుడాయన కుర్చీ జరుపుకొని నా పక్కకు కూసున్నడు. మెల్లగ, మీరొకసారి కంటి దవాఖానకు పోన్రి అన్నడు. మా అమ్మీకి గూడ తెలియని సంగతి ఆయననే మొదలు చెప్పిండు."

"మీకేమనిపించింది ఆపా?"

"కోపమొచ్చింది. తనకు రిపేరు చేతగాక నన్నంటుండనుకున్న. ఆ కంప్యూటర్ ఎత్తుకొని ఇంకో దుకాణానికి పోయిన."

అది చెబుతూ ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆపా లేచింది. చాయ గ్లాసు కడిగి బోర్లించి, "మా అమ్మీ ఎదురుచూస్తుంటది" అని కిందికి వెళ్లిపోయింది.

మర్నాడు ల్యాప్‌టాప్‌ను దుకాణంలో ఇచ్చాను. మూత మడత దగ్గర తెరకు వెళ్లే తీగ నలిగిపోయిందట, మార్చి ఇచ్చారు. ఆ వారంలోనే ఆపా వచ్చి దానికి తెలుగు గొంతు కూడా పెట్టించింది. అప్పటి నుంచి నేను టైపు చేసిన వాటిని కళ్లు మూసుకుని ఒకసారి వింటాను. సాయంత్రాలు ఆమె పైకి రావడం, నేను కిందికి పోవడం అలవాటయింది.

తర్వాతి వేసవిలో ఆపాకు ప్రజ్ఞాపూర్ దగ్గరి బడికి బదిలీ అయింది. కొత్త దారి నేర్చుకోవాలి, మొదటి రోజు తోడు రమ్మంది. పొద్దున బస్సులో వెళ్లి చౌరస్తాలో దిగాం. హైవే మీద లారీల హోరుకు నేనే బెదిరిపోయాను. ఆమె మాత్రం నిలబడి అడుగుతూ పోయింది. ఈ పూరీల వాసన ఏ దిక్కు హోటల్ నుంచి, టైర్లకు గాలి కొట్టే చప్పుడు రోడ్డుకు ఏ పక్క, నీడ ఎక్కడ మొదలవుతుంది. నేను చూసి చెబుతున్నాను, ఆమె తలాడిస్తోంది. కొత్తగా కడుతున్న ఇళ్ల పక్క నుంచి నడిచి బడి గేటు దాకా చేరాం.

"ఇగ నువ్వు పో చెల్లె, నీ కాలేజీ టైమైతుంది" అంది.

ఆమె చేతికర్ర ముందుకు చాపి లోపలికి నడిచింది. నేను తిరిగి చౌరస్తాకు వచ్చి బస్సెక్కి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది.

"గేటు లోపల్నే ఒక మెట్టున్నది. చెప్పలే నువ్వు" అంది ఆపా.

"నాకు కనిపించనే లేదు ఆపా."

"పడలేలే. కర్ర తాకింది" అంది. వెనక పిల్లల గోల వినిపిస్తోంది. "ఉంట మరి, ప్రార్థనకు పిలుస్తున్నరు" అని ఫోన్ పెట్టేసింది.