ఎర్రక్షరాలు పైకి చదివించే మాస్టారు

హైస్కూల్లో లెక్కలు చెప్పిన ఆయన్ని పిల్లలు ఉరుము మాస్టారనేవారు. ఆయన పై అంతస్తులో పాఠం మొదలుపెడితే, కింది గదుల్లో టీచర్లు తమ పాఠం ఆపుకుని కూర్చునేవారట. మనిషి చెడ్డవారేం కాదు. ఏ పిల్లవాడి మీదా చెయ్యి చేసుకుని ఎరగరు. ఓపిక మాత్రం ఆయన దరిదాపుల్లోకి వచ్చేది కాదు. ఎవరైనా లేచి నిలబడి "సార్, ఈ లెక్కలో..." అనేలోపే జవాబు చెప్పేసేవారు. వాళ్లు అడగబోయింది అది కాకపోయినా సరే. తెలివైన పిల్లలు ఆయనంటే పడి చచ్చేవాళ్లు. మిగతావాళ్లు ఎలాగో ప్రాణాలతో బయటపడేవాళ్లు.

రిటైరైన కొన్నాళ్లకి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. ఇంటావిడ పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్తే, గొంతులో క్యాన్సర్ ముదిరిందనీ, మాట పుట్టే పెట్టెనే తీసెయ్యాలనీ చెప్పారు. తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మెడ కింద ఊపిరి పీల్చుకునే చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ మిగిలాయి.

"ఇన్నేళ్లకి ఈ ఇంట్లో నాకు మాట్లాడే వంతొచ్చింది," అని ఇంటావిడ ఆయన్ని నవ్వించబోయింది. ఆ వెంటనే ఏదో పొంగుతోందన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

కూతురు సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. తండ్రి కోసం పాత ల్యాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టింది. ఏం టైపు చేస్తే అది పైకి చదువుతుంది. మాస్టారు మొదటిసారి "అన్నం పెట్టు" అని కొట్టారు. ఎవరో ఆడమనిషి గొంతు, రైల్వే స్టేషన్‌లో బండి వేళలు చెప్పినట్టు, సాగదీసి సాగదీసి అన్నం అడిగింది.

"ఏ ప్లాట్‌ఫారం మీద పెట్టాలో కూడా చెప్పమనండి," అంది ఇంటావిడ, గరిటె పట్టుకుని నవ్వుతూ.

మాస్టారికి ఒళ్లు మండింది. ఆ గొంతు కాస్త వేగంగా మాట్లాడేలా చెయ్యమని కూతురికి రాసి చూపించారు. ఆమె ఆఫీసుకి బయల్దేరుతోంది.

"అది పైథాన్‌లో రాశాను నాన్నా. కంప్యూటర్‌తో పని చేయించుకోవడానికి అదొక భాష. కొత్తవాళ్లు చాలామంది దాంతోనే మొదలుపెడతారు. అక్కడ వేగానికి ఒక అంకె ఉంటుంది, నువ్వే మార్చుకో."

"ఈ వయసులోనా?" అని రాశారాయన.

"మరి నాకు ఏ వయసులో ఎక్కాలు మొదలుపెట్టావు? నోట్లో పళ్లన్నా రానిచ్చావా?" అంటూ చెప్పులేసుకుంది కూతురు.

ఆయన అంకె మార్చారు. చెయ్యి ఊరుకోక ఇంకో రెండు చోట్ల కూడా వేలుపెట్టారు. తెర మీద వరసగా ఎర్రక్షరాలొచ్చాయి. ల్యాప్‌టాప్ పాడైందని తేల్చుకుని మూతేసి, సాయంత్రం దాకా ఎవరి ముఖమూ చూడలేదు. కూతురు వచ్చి తెరిచి చూసింది.

"నాన్నా, ఈ చివరి వరుస చదివావా?"

చదవలేదు. ఎర్ర రంగు చూడగానే తిట్టు అనుకున్నారు. తీరా అది తిట్టు కాదు. ఫలానా వరుసలో జరుపు సరిపోలేదని మర్యాదగానే చెబుతోంది. పైథాన్‌లో ఒకదాని కిందికి వచ్చే వరుసలన్నీ కొంచెం లోపలికి జరిపి రాయాలి, ఆ జరుపు అన్నిటికీ ఒకేలా ఉండాలి. ఆయన ఒక వరుసని ఒక మీటతో, ఇంకో వరుసని ఇంకో మీటతో జరిపారు. మన కంటికి రెండూ ఒకటే. దానికి మాత్రం వేరు.

"నాకంటే చాదస్తం," అని రాసి ఆ మాట కింద గీత గీశారు మాస్టారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ముఖంలో కాస్త వెలుగు కనపడింది ఆ సాయంత్రమేనని ఇంటావిడ ఇప్పటికీ అంటుంది.

ఆ వానాకాలమంతా ఆయన దాంతోనే కుస్తీ పట్టారు. రెండు అంకెలు అడిగి కూడి చూపించే ప్రోగ్రాం రాశారొకసారి. రెండూ మూడూ ఇస్తే ఇరవై మూడు అంది! జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషికి తల ప్రాణం తోకకొచ్చింది. మనం టైపు చేసింది దానికి ముందు అక్షరాలుగానే అందుతుందనీ, ఇవి అంకెలని విడిగా చెప్పాలనీ తెలిశాక భుజాలు కదిలేలా నవ్వారు. చప్పుడు మాత్రం లేదు.

దగ్గర్లోనే లైబ్రరీ ఉంది. అక్కడ వెనక గదిలో శనివారం మధ్యాహ్నాలు పైథాన్ నేర్చుకునే కొత్తవాళ్లకి సాయం చేసేవారు. ఆ పని చూసే ఇద్దరు కుర్ర ఇంజనీర్లకి బదిలీ అయింది. కొత్తవాళ్లు వచ్చి, ఖాళీ కుర్చీలు చూసి వెళ్లిపోతున్నారని తెలిసి, ఇంటావిడే ఆయన్ని అక్కడికి తరిమింది. మాస్టారు ఒక పలకా, బలపమూ పట్టుకుని వెళ్లారు. పలక మీద "మాట్లాడలేను, వినగలను" అని రాసి బల్ల మీద నిలబెట్టారు.

మొదట్లో పాత అలవాటు పోలేదు. ఎవరైనా ల్యాప్‌టాప్ తెచ్చి నోరు తెరిచేలోపే కీబోర్డు తన వైపు లాక్కుని, తప్పు దిద్ది, తిప్పి ఇచ్చేవారు. వాళ్లు దండం పెట్టి వెళ్లేవారు. మళ్లీ శనివారం అదే తప్పుతో ప్రత్యక్షం. లైబ్రేరియన్ కొంతకాలం చూసి ఒకరోజు మెల్లగా చెప్పింది.

"మాస్టారూ, మీ చెయ్యి పడితే వాళ్ల ప్రోగ్రాం బాగుపడుతోంది. వాళ్లు మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు."

ఆ మాట ఆయన్ని బాగా పట్టుకుంది. బళ్లో కూడా ఇలాగే జరిగి ఉంటుందా అని ఆలోచించారు. జరిగిందో లేదో ఆయనకి తెలియదు. జవాబు చెప్పేశాక పిల్లల ముఖం వైపు చూసింది ఎప్పుడని?

మర్నాటి నుంచి కాదు గానీ, ఆ వచ్చే శనివారం నుంచి చేతులు వెనక్కి కట్టుకోవడం మొదలుపెట్టారు. అట్ట ముక్క మీద పెద్దక్షరాలతో "చివరి వరుస పైకి చదవండి" అని రాసుకున్నారు. ఎవరొచ్చినా ముందు ఆ అట్ట చూపించేవారు. వాళ్లు ఎర్రక్షరాలు పైకి చదివేవారు. "ఫలానా పేరు నాకు తెలియదంటోందండీ... అరె, పైన ఒకలా రాసి కింద ఇంకోలా రాశానే!" అని సగంమంది తమంతట తామే పట్టుకునేవారు. మాట్లాడలేని మనిషి దగ్గర అవతలివాళ్లు మాట్లాడక తప్పదు మరి.

ఫొటో స్టూడియో నడిపే ఒకాయన, ఇతరులు రాసిపెట్టిన ప్రోగ్రాం ఒకదాన్ని పేరుతో పిలిచి వాడుకోబోతూ, అదే పేరు తన ఫైలుకీ పెట్టుకుని, ఎందుకు పని చెయ్యట్లేదని గింజుకుపోయాడు. మాస్టారు పలక మీద రాశారు: "ఇంట్లో ఇద్దరికి ఒకే పేరుంటే, పిలిస్తే ఎవరు పలుకుతారు?" స్టూడియో ఆయన కాసేపు చూసి, "దగ్గరున్నవాడు," అని నాలిక్కరుచుకుని ఫైలు పేరు మార్చాడు.

అలా ఉండగా ఒక శనివారం గుమ్మంలోకి ఒకావిడ వచ్చింది. బస్సు డిపోలో డ్రైవర్లకి డ్యూటీ చార్టు వేసే ఉద్యోగం ఆమెది. ఎవరికి ఏ రోజు సెలవు, ఎవరికి ఏ రూటు అన్నది చేత్తో రాసి రాసి, ఒకరికి వరసగా రెండు రాత్రులు పడి గొడవలవుతుంటే, ఫోన్లో వీడియోలు చూస్తూ భోజనాల వేళ పైథాన్ నేర్చుకుంది. లోపలికి అడుగు పెట్టబోయి, బల్ల దగ్గర కూర్చున్న మాస్టారిని చూసి, గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

తర్వాతి వారం మళ్లీ వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. మాస్టారే వెళ్లి ఆమె ముందు అట్ట పెట్టారు. ఆమె దాని వైపు చూడలేదు.

"నన్ను గుర్తుపట్టారా మాస్టారూ?"

ఆయన పరికించి చూసి, లేదని తల అడ్డంగా ఊపారు.

"కిటికీ పక్క బెంచీ. మీరు నన్ను గుంజ అనేవారు. లేచి ఏదో అడగబోతే, గుంజకి చెప్పినా ఈపాటికి తలూపేది అన్నారు ఒకసారి. బడి వదిలేదాకా అందరికీ నేను గుంజనే."

మాస్టారు గబగబా తన ల్యాప్‌టాప్ తెరిచి ఏదో టైపు చేశారు. "నేను చాలా..." అని స్టేషన్ గొంతు మొదలుపెట్టింది.

"ఆ గొంతుతో వద్దండీ," అంది ఆమె.

ఆయన మూతేసేశారు. పలక తీసుకుని, చేత్తో తుడిచి, రాశారు: "తప్పు నాది. ఆ రోజు ఏం అడగబోయావమ్మా?"

ఆమె పలక చదివి తల అడ్డంగా ఊపింది.

"అదిప్పుడు గుర్తులేదు. అడగబోయానని మాత్రం గుర్తుంది. ఆ తర్వాత ఎవరినీ ఏదీ అడగలేదు మాస్టారూ. ఆఫీసులో కూడా అంతే. తెలియకపోయినా తెలిసినట్టు తలూపడం నేర్చుకున్నాను. మీరన్నట్టే, గుంజ తలూపింది."

ఆయన పలక ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నారు. ఆమే మళ్లీ మాట్లాడింది.

"ఇప్పుడొకటి అడుగుతాను. చివరిదాకా వినాలి."

మాస్టారు చేతులు కట్టుకున్నారు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. సూటిగా చెప్పే అలవాటు లేదేమో, డిపో గేటు దగ్గర్నుంచి ఎత్తుకుంది. పోయిన వారం చార్టు తీసుకుంటుంది. దాన్నుంచి ఈ వారం చార్టు తయారుచేస్తుంది. కొత్తదాంట్లో పేర్లు మారిస్తే పాతదాంట్లో కూడా మారిపోతున్నాయి. అసలు పోయిన వారం ఎవరు ఎక్కడ పనిచేశారో తెలియకుండా పోతోంది. ఎర్రక్షరాలు కూడా రావట్లేదు, ఏమీ తప్పు లేనట్టు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటోంది.

జబ్బేమిటో మాస్టారికి రెండో మాటకే తెలిసిపోయింది. కట్టుకున్న చేతుల్ని ఆయన వేళ్లు నొక్కిపట్టిన తీరు చూస్తే ఎవరికైనా తెలిసేది. అయినా ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా కదల్లేదు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న రాశారు: "కొత్త చార్టు ఏ వరుసలో పుట్టింది?"

ఆమె తెర మీద వేలు పెట్టి వెతికింది. పైకి వెళ్లింది, కిందికి వచ్చింది.

"ఇక్కడ. కొత్తది అంటే పాతది అని రాశాను... ఆగండి. అంటే ఇక్కడ రెండో చార్టే పుట్టలేదు. ఉన్న చార్టుకే ఇంకో పేరు పెట్టాను. అక్కా అన్నా, పిన్నీ అన్నా మనిషి ఒకరే!"

ప్రోగ్రాంలో చార్టుకి నకలు తీయమని రాసింది. నడిపి చూసింది. సగం బాగైంది, సగం కాలేదు. చార్టులోంచి ఒక రోజునే తీసేస్తే పాతది చెక్కుచెదరలేదు. ఒక రోజు లోపల డ్రైవరు పేరు మారిస్తే మాత్రం పాతది మళ్లీ మారిపోయింది. ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన తెరని చూశారు, మళ్లీ చూశారు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. తర్వాత పలక మీద నెమ్మదిగా రాశారు.

"నాకు తెలియదు."

డిపో ఆవిడ ఆ పలకని చేతిలోకి తీసుకుని మరీ చదివింది. నవ్వాపుకోలేకపోయింది. "ఇది మా క్లాసులో ఎవరికైనా చెప్తే నమ్మరు మాస్టారూ," అంది. ఆయనా నవ్వారు.

ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఆమె ఒక్కో వరుసా పైకి చదివింది, ఆయన పలక మీద పెట్టెలు గీశారు. పెద్ద పెట్టెలో ఏడు చిన్న పెట్టెలు, ఒక్కో రోజుకి ఒకటి. చివరికి ఆమే పట్టుకుంది. పెద్ద పెట్టె కొత్తదే, లోపలి చిన్న పెట్టెలు మాత్రం పాతవే. లోపలివాటికి కూడా విడిగా నకలు తీయాలి. ఎలా తీయాలో పైథాన్ పుస్తకంలో వెతికి రాసేసరికి లైబ్రరీ కట్టేసే గంట కొట్టారు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మీరు గుంజ అన్నది నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా. కానీ వచ్చే వారం వస్తాను. సెలవుల లెక్క ఇంకా కుదరలేదు."

మాస్టారు తల ఊపారు. ఇంటికెళ్లి ఆ సంగతంతా ఇంటావిడకి రాసి చూపించారు. ఆమె చదివి ఆయన పక్కనే కూర్చుంది.

డిపో ఆవిడ ఆ తర్వాత చాలా శనివారాలొచ్చింది. వాళ్లిద్దరి మధ్య పాత ఊసు మళ్లీ రాలేదు. కొత్త చార్టు మొదటిసారి గోడకి అంటించిన రోజు డిపోలో డ్రైవర్లందరూ మూగారు. వాళ్లలో పెద్దాయన, అందరికంటే ఎక్కువ గొడవపడేవాడు, కళ్లు చికిలించి చూశాడు.

"కంప్యూటర్ వేసిందా దీన్ని? కంప్యూటర్‌తో ఏం వాదిస్తాం!"

"కంప్యూటర్ కాదు బాబాయ్, నేను వేశాను," అంది ఆమె. "ఎక్కడైనా అర్థం కాకపోతే అడుగు."

ఆయన చార్టు మీద వేలు పెట్టి, తడుముకుంటూ, "అది కాదమ్మా, ఈ మంగళవారం ఉంది చూశావూ... అసలు సంగతేంటంటే..." అని వాళ్లబ్బాయి పెళ్లిచూపుల దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ఆమె కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది.