మూడో రోజు పారేసిన ప్లేటు

విజయవాడలోని ఒక కళాశాలలో సూక్ష్మజీవశాస్త్ర శాఖాధిపతినైన రెండో ఏడాది, తొలకరి రోజుల్లో, మా శాఖకు ఒక చిన్న పరిశోధన పని వచ్చింది. కుళ్లిన కలపలోనూ, దాన్ని తినే పెంకుపురుగుల పేగుల్లోనూ బతికే ఈస్టులను వెతకాలి. బేకరీలో పిండిని పొంగించే ఈస్టుకు ఇవి చుట్టాలే.

బందరు కాలువ గట్టున గాలివానకు కూలిన నిద్రగన్నేరు దుంగను చీల్చి, పురుగులను నేనే పట్టి తెచ్చాను. పట్టిన పురుగును ఒకరోజు పస్తు పెడతాం. తిండితో లోపలికి వెళ్లిన ఈస్టులు బయటికి పోయి, పేగులో కాపురమున్నవే మిగులుతాయి. ఆ పేగును నలిపి, మూత ఉన్న చిన్న గాజు ప్లేటులో పోసిన పోషకం మీద, ఈస్టులు మొలిచేలా, గీతలుగా పూస్తాం. మూడో రోజుకు ఏమీ మొలవకపోతే పారేయడం నా పద్ధతి.

అలా పారేయమన్న ప్లేట్లను మా లెక్చరర్ మేరీ సుజాత పదిహేను రోజులు దాచింది. ఒకదానిలో ఆవగింజలంత తెల్లచుక్కలు లేచాయి. వాటి జన్యుక్రమం చదివిస్తే తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు.

నాకు కడుపు మండిపోయింది. దుంగ నాది, పురుగు నాది, ప్లేటు నాది; పేరు మాత్రం ఆమెకు! స్టాఫ్ రూములో అందరూ అభినందిస్తుంటే, "చెత్తబుట్ట వెతకడం కూడా పరిశోధనేనన్నమాట" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. దానికి ఇంకా మండింది.

కొత్త జాతిని ప్రకటించాలంటే ముందు దాని నమూనాను గుర్తింపు ఉన్న కేంద్రంలో భద్రపరచాలి. ఆ దరఖాస్తుకు శాఖాధిపతి సంతకం కావాలి. ఆమె దరఖాస్తు నా సొరుగులో ఏడు వారాలు పడి ఉంది. అడిగినప్పుడల్లా మొదటి పేజీ మీదే ఏదో ఒక కొర్రీ వేశాను.

ఎనిమిదో వారంలో మరో దేశపు బృందం అదే ఈస్టును ప్రకటించేసింది. ఆమె నా గదికి వచ్చి ఆ సంగతి చెప్పింది.

"పోనీలెండి సార్. మీరు తెచ్చిన పురుగే కదండీ, మీ పేరే పెడదామనుకున్నాను. ముందే చెబితే వద్దంటారని చెప్పలేదు."

ఆమె వెళ్లాక సొరుగు తీసి మూడో పేజీ తిప్పాను. ప్రతిపాదిత నామం అన్నచోట నా ఇంటిపేరు, చివర లాటిన్ తోకతో ఉంది.

ఈర్ష్య పోయిందని అబద్ధం చెప్పను. ఆమె పరిశోధన పత్రం అచ్చులో కనబడితే ఇప్పటికీ కళ్లలో నిప్పులు పోసుకుంటాను. కాని రిటైరయ్యేదాకా మా శాఖలో ప్లేట్లను పదిహేను రోజులు ఉంచాం. నా దగ్గరికి వచ్చిన కాగితాన్ని చివరి పేజీ దాకా చదివి, ఆ రోజే సంతకం చేశాను.