నల్ల పెట్ట పొదిగిన మొసలి పిల్ల

సమ్మమ్మ గంపల మొసలి గుడ్డు పెట్టింది నేనే. మొసలిదని నాకు తెల్వదు. తెలిస్తే పెట్టకపోదువా అంటరా, గది మాత్రం నన్నడుగొద్దు. పాకాల చెరువుకు చేపలకని పోయిన. ఒడ్డుకు ఇసుకల కుక్కలు తోడిన గుంత ఒకటి కనవడ్డది. గుడ్లన్ని పగిలి ఆగమైనయి గని ఒక్కటి పక్కకు దొర్లి సక్కగున్నది. తెల్లగ, కోడి గుడ్డు కంటె జర పొడుగు. తాబేలుది అనుకున్న. రుమాల్ల చుట్టుకొని బస్సెక్కిన. ఇంటికొచ్చి దాని మీద బొగ్గుతోని ఇంటూ గుర్తు గీసిన. సమ్మమ్మ పెట్ట మేతకు దిగిన టైం జూసి మిగతా గుడ్ల నడుమ దూర్చిన. ఇంటూ అంటె మా వాడకట్టు రాజమల్లు గుర్తు. కోడిపిల్ల కోసం వచ్చినోనికి తాబేలు చేతుల పెడితె మొఖం ఎట్లుంటదో చూద్దామని నా ఆరాటం. నాతోని అయిన తప్పు గింతే. ఇగ మిగిలిన కథంత సమ్మమ్మది.

రంగశాయిపేటల సమ్మమ్మను ముందుగాల చెయ్యి చూసి గుర్తువడుతరు, మొఖం తర్వాత. గుడ్డు ఆమె చెయ్యితోని గంపల పడ్డదంటె మురగదు, పిల్లయితది. చెయ్యి మంచిదన్న ఈ పేరు ఆమెకు పెండ్లయిన ఏడే వచ్చింది. నెక్కొండ నుంచి కాపురానికొచ్చిననాడు ఒడిల పెట్టకోడిని పెట్టుకొని రైలు దిగిందట. కోడికి టికెట్ ఏదని టీసీ అడిగితె, "అదే నన్ను తోల్కొచ్చింది, దాన్నే అడుగు" అన్నదట. ఆ కోడి సంతతే ఇప్పటి నల్ల పెట్ట. కోడిని ఆమె "అవ్వా" అని పిలుస్తది. మొగడు గట్టయ్యను "ఓయ్" అంటది. గట్టయ్య ధాన్యం గంజుల హమాలి. పొద్దంత మూటలు మోసి వచ్చినోడు ఇంట్ల మాటలు గూడ మోసుడెందుకని ఊకుంటడు.

రోహిణి కార్తెల ఎవ్వలు పొదుగు పెట్టరు. ఆ ఎండలకు గుడ్డు గంపల్నే ఉడుకుతది. సమ్మమ్మ పెడుతది. గంపల అడుగుకు తడి ఇసుక పోసి, దాని మీద గడ్డి పరిచి, ఉరుముకు గుడ్డు అదరకుంట ఓ ఇనుప మేకు, దిష్టికి ఓ ఎండు మిరపకాయ పెడుతది. గుడ్లు వాడకట్టోల్లయి, పెట్ట ఆమెది. పిల్లలైనంక సగం సగం. ఎవల గుడ్డు మీద వాళ్ల బొగ్గు గుర్తు ఉంటది. రాజమల్లుది ఇంటూ, దర్జీ నయీముద్దీన్ ఇంటిది నెలవంక. ఇంకో కట్టుబాటు గూడ ఉన్నది. పెట్ట రెక్క కింద వెచ్చబడ్డ గుడ్డును నడుమల తియ్యొద్దు. తీస్తె మిగతయన్ని మురుగుతయి.

అందుకే ఆ పొడుగు గుడ్డు కనవడ్డనాడు సమ్మమ్మ దాన్ని తియ్యలె. ఇంటూ గుర్తు చూసింది. "రాజమల్లు నాకు చెప్పకుంట బాతు గుడ్డు దూర్చిండు, దొంగ నాయాలు" అనుకున్నది. పెట్ట దాన్ని గూడ కడుపు కిందికి గుంజుకున్నది. "నీకు లేని పట్టింపు నాకెందుకే అవ్వా" అని గంప మీద గోనెపట్ట కప్పింది.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. అమెరికోల్లు ఆకాశంలకు పంపిన స్కైలాబు కిందికి పడుతాందని, ఎక్కడ పడుతదో ఎవలకు తెల్వదని రేడియో ఒక్కటే తీరు చెప్పుకొస్తాంది. ఇంకెటు పోతది, మన మీదనే పడుతదని రంగశాయిపేట తీర్మానం చేసుకున్నది. బాకీలున్నోళ్లు సంబురంగున్నరు. మిగిలినోళ్లు ఫికర్ పడుతాండ్రు.

గుడ్ల నుంచి పిల్లలు వెళ్లే దినం వచ్చింది. ఒక్కో గుడ్డు పగిలి, తడి తడి కోడిపిల్లలు బయటికొస్తానయి. ఆఖరుకు పొడుగు గుడ్డు లోపల్నుంచి ఓ కూత వినవడ్డది. కీచుమనేది కాదు, కోపానికొచ్చిన పిల్లికూన తీరు. పెట్ట చెవి దగ్గర పెట్టి, తిరిగి కూసింది. లోపలిది మల్ల కూసింది. గిట్ల ఇద్దరు జర సేపు ముచ్చట పెట్టుకున్నంక పెంకు చిట్లింది. ముందుగాల ఓ ముక్కు. తర్వాత రెండు పెద్ద పెద్ద కండ్లు. వెన్న రంగు కడుపు, ఒంటి మీద నల్ల పట్టీలు, సన్నగ తోక. నెత్తి మీద పెంకు ముక్క టోపీ లెక్క అతుక్కొని ఉన్నది. టోపీ తోనే నడుచుకుంట పోయి పెట్ట రెక్క కింద దూరింది. పెట్ట సర్దుకొని కూసున్నది.

సమ్మమ్మ రెక్క ఎత్తి చూసింది. తొండ అనుకున్నది. ఉడుము అనుకున్నది. నయీముద్దీన్‌ను పిలిచింది. ఆయన కుట్టు మిషన్ కాడ్నుంచి అద్దాలు తుడ్సుకుంట వచ్చి వంగి చూసిండు.

"అక్కా, ఇది తొండ కాదు."

"మరేంది తమ్మీ?"

"మొసలి."

"మొసలి గింతుంటదా?"

"పుట్టంగనే చెరువంత ఉంటదా అక్కా. అది గూడ పిల్లనే గద."

ఆ పిల్లకు తను మొసలినని ఎవ్వలు చెప్పలేదాయె. కోడిపిల్లల వరుసల ఆఖరుకు నడిచేది. పెట్ట నూకగింజ తెచ్చి ముంగట వేస్తె మొఖం తిప్పుకునేది, చెదపురుగు వేస్తె గుటుక్కుమనేది. పొద్దుగాల ఎండకు పెట్ట వీపెక్కి నోరు తెరుచుకొని పండేది. గద్ద నీడ పడితె పిల్లలన్ని రెక్కల కిందికి ఉరికేటియి. ఇది గూడ ఉరికేది గని తోక బయట ఉండేది. ఓ కాకి కోడిపిల్ల కోసమని ఆ రెక్క కింద ముక్కు పెట్టింది. లోపల ఏం చూసిందో ఏమో, మల్ల ఆ వాకిట్ల వాలలె. నీళ్ల గిన్నె మాత్రం దాని సొంతం. అండ్ల కూసుంటె కోడిపిల్లలు చుట్టు నిలబడి దాని వీపు మీది చుక్కలు తాగేటియి.

సమ్మమ్మ నవ్వకుంట ఉందామని మస్తు కష్టపడ్డది. గని రాజమల్లు వచ్చిననాడు నవ్వు ఆగిపోయింది.

రాజమల్లు మిల్లుల పని చేస్తడు. వరుసకు మరిది. మిల్లు ఇడిచే కూత పడంగనే సైకిల్ తొక్కుకుంట నేరుగ ఇక్కడికే వచ్చిండు.

"వదినె, నా పిల్లలు నాకియ్యి. స్కైలాబు పడకముందే తిని సావాలె."

"గింత గింత పిల్లల్ల తినేటందుకు ఏముంటదిరా?"

"సచ్చేటోనికి గదే మస్తు."

"నీ సగం నీకిస్త. గిది గూడ నీదే, సూడు."

రాజమల్లు గిన్నెల ఉన్నదాన్ని చూసిండు. గిన్నెల ఉన్నది రాజమల్లును చూసింది.

"గిదేంది?"

"నీ గుడ్డుల నుంచి వెళ్లింది. పెంకు దాసిపెట్టిన. ఇంటూ ఉన్నది చూసుకో."

"ఇంటూ ఉంటె నాదైతదా? మా మిల్లు మూటల మీద గూడ ఇంటూలుంటయి."

"ఆ మూటలల్ల నుంచి మొసళ్లు పుట్టినయా?"

"వదినె, నేనిచ్చింది కోడి గుడ్లు. నీ చెయ్యి తగిలినంక అండ్లకెళ్లి ఏం పుట్టిందో నాకేమెరుక."

ఆ మాట అనుకుంట సైకిలెక్కి పోయిండు. మాట మాత్రం సైకిల్ కంటె ముంగట పోయింది. బావి కాడికొచ్చేసరికి సమ్మమ్మ ముడితె కోడి గుడ్డు మొసలైతది అని తేలింది. కిరాణ దుకాణం కాడికి పోయేసరికి స్కైలాబు గాలి ఆమె చెయ్యికే తగిలిందన్నరు. సమ్మమ్మకున్న ఇంకో పెట్ట, ఎర్ర పెట్టకు పెడుదామని గుడ్లిచ్చినోళ్లు తిరిగొచ్చి, "ఇప్పుడద్దు తియ్యి సమ్మక్కా" అని ఒడిల వేసుకొని పోయిండ్రు.

ఆమె అదీ ఓర్చుకున్నది. ఓర్చుకోనిది ఒకటున్నది. వాడకట్టుల ఏ పిల్ల నెలలు నిండినా సమ్మమ్మ వచ్చి చెయ్యితోని ఓ ముద్ద తినిపియ్యాలె. ఆ చెయ్యి మంచిదని నమ్మిక. ఖాసింబీ, నయీముద్దీన్ పెండ్లాం, తన కోడలు ఫాతిమాకు తినిపియ్యమని ముందే చెప్పిపెట్టింది. ఇప్పుడు సమ్మమ్మ బజార్ల కనవడితె ఖాసింబీ కోడలిని లోపలికి గుంజి తలుపేస్తాంది. తలుపు సప్పుడు సమ్మమ్మకు ఇంటి దాక వినవడుతాంది.

గట్టయ్య ఆ దినం నోరు తెరిచిండు. "దాన్ని చెరువుల ఇడిచిపెట్టొస్తనే."

"ఇడిచిపెడితె తప్పు చేసి దాసుకున్నదంటరు. అది ఎవల గుడ్డో వాళ్లు అందరి ముంగట ఒప్పుకోవాలె. గప్పటిదాక ఇది నా గడప దాటది."

గట్టయ్య తువ్వాల భుజాన వేసుకొని మూటల పనికి పోయిండు.

స్కైలాబు పడే దినం రానే వచ్చింది. రంగశాయిపేటల పొయ్యి లేని ఇల్లు లేదు. పెట్టలు, పుంజులు, నిన్న మొన్న వెళ్లిన పిల్లలు, ఏది దొరికితె అది కోసిండ్రు. రాజమల్లు ఇంట్ల పెట్టను, పుంజును గూడ కోసి, గిన్నె అడుగు దాక తిని, కొత్త లుంగీ కట్టుకొని, సావు ఎటు దిక్కుకెళ్లి వస్తదో అని మంచం వాకిట్ల వేసుకొని పండుకున్నడు. నేను గూడ తిన్న, ఎందుకు దాసుడు. ఒక్క సమ్మమ్మ వాకిట్లనే కోడి తిరుగుతాంది. గట్టయ్య గంప దిక్కు చూస్తె, "అవ్వను కోసి తిని సచ్చే బదులు తినకుంట సద్దాం" అన్నది. మొసలి పిల్ల పెట్ట వీపు మీదెక్కి ఆకాశం దిక్కు నోరు తెరుచుకొని ఉన్నది, స్కైలాబు పడితె తిందామన్నట్టు.

పడ్డది, ఎక్కడో అవతలి సముద్రంల పడ్డదన్నరు. తెల్లారి రంగశాయిపేట లేసింది గని ఒక్క కోడి కూయలె. మిల్లు కూతతోనే తెల్లారింది. జనమంత పొట్టల మీద చేతులు పెట్టుకొని, ఖాళీ గంపల దిక్కు చూసుకుంట కూసున్నరు. తర్వాత ఒక్కొక్కలు తొర్రూరు అంగడికి పోయి నాటు గుడ్లు తెచ్చిండ్రు. తెచ్చినంక సోయికొచ్చింది, పొదగాలంటె పెట్ట కావాలె గద. ఎర్ర పెట్ట పొదుగుకొచ్చి ఉన్నది, అది సమ్మమ్మ ఇంట్ల ఉన్నది.

అందరు వచ్చిండ్రు. గుడ్లు ఒడిల పట్టుకొని వాకిట్ల నిలబడ్డరు. రాజమల్లు ఎనుక వరుసల, ఒకల భుజం చాటుకు. నేను గోడకు ఒరిగి నిలబడ్డ, తమాషా చూద్దామని.

సమ్మమ్మ గడప మీద కూసొని బియ్యం ఏరుతాంది. తల ఎత్తలె.

"గుడ్లు పెడుత. నా చెయ్యిల తప్పు లేదని తేలినంక. ఇంటూ పెట్టినోడు ముంగటికి రావాలె."

అందరు రాజమల్లు దిక్కు తిరిగిండ్రు. భుజం పక్కకు జరిగింది. రాజమల్లు ఒడిలున్న గుడ్లు చూసుకున్నడు, ఎర్ర పెట్టను చూసిండు, గిన్నెల ఉన్నదాన్ని చూసిండు.

"నాదే వదినె" అన్నడు.

"ఏది?"

"అదే."

"దానికి పేరున్నది."

"మొసలి. మొసలి గుడ్డు నాదే. మా పెట్టే పెట్టింది."

నయీముద్దీన్ అద్దాలు తీసి మల్ల పెట్టుకున్నడు. "మీ కోడి మొసలి గుడ్డెట్ల పెట్టిందన్నా?"

"ముసల్దైంది అన్నా. ఏం పెడుతాందో దానికే సోయి లేదు. అడుగుదామంటె మొన్ననే కోసుకతింటిమి."

ఎవ్వలు నవ్వలె. అందరికి గుడ్లు పొదగాలె. "అయితది, ముసలి పెట్టలు గట్లనే చేస్తయి" అని ఎనుకకెళ్లి ఎవరో సాక్షం గూడ చెప్పిండ్రు. ఖాసింబీ జర సేపు ఆలోచన చేసింది. "అంటె మొసలి గుడ్డును సుత పిల్లను చేసింది సమ్మక్క చెయ్యి" అని, తిరిగిపోయి కోడలిని చెయ్యి పట్టుకొని తోల్కొచ్చింది. ఫాతిమా తలొంచుకొని కూసున్నది. సమ్మమ్మ లోపలికి పోయి పెరుగన్నం కలుపుకొచ్చింది. ముద్ద నోట్ల పెట్టింది. కొంగుతోని మొఖం తుడుసుకొని, చెమటని చెప్పింది.

అప్పుడు రాజమల్లు దిక్కు తిరిగింది.

"ఒప్పుకున్నవు, మంచిది. నా సగం నేను మాఫ్ చేసిన. మొత్తం నువ్వే తీస్కపో."

"మొత్తమా?"

"నీ పెట్ట కడుపున పుట్టింది గద. ఇప్పుడు తల్లి గూడ లేకపాయె దానికి."

రాజమల్లు గిన్నె దిక్కు వంగిండు. మొసలి పిల్ల నోరు తెరిచింది. పండ్లు బియ్యప్పిండి అద్దినట్టు సన్నగ, లెక్కకు మాత్రం బాగనే ఉన్నయి. ఆయన వేలు పెట్టకముందే నల్ల పెట్ట ఎగిరొచ్చి మొఖం మీద పడ్డది. లుంగీ సగం ఊడి ఎనుకకు పడ్డడు. కొత్త లుంగీ.

"ఇంట్ల చిన్న పొట్టెగాండ్లున్నరు వదినె, నేనేడ పెట్టాలె దీన్ని" అన్నడు. చెయ్యని తప్పు ఒప్పుకొని, పెట్టని గుడ్డుకు తండ్రయి, ఇంటికి మొసలిని తీస్కపోతాండు. నేను గీసిన ఇంటూ ఇంత దూరం వస్తదనుకోలె. నవ్వు రాలె నాకు. ముంగటికి పోయిన.

"పెద్దమ్మా, రాజమల్లు కాక అబద్ధం చెప్తాండు. ఆ గుడ్డు తెచ్చి పెట్టింది నేను. పాకాలల దొరికింది. తాబేలుది అనుకున్న."

వాకిలంత నా దిక్కు తిరిగింది. రాజమల్లు కిందనే కూసొని ఊపిరి ఇడిచిండు. సమ్మమ్మ బియ్యం చాట పక్కకు పెట్టింది. లేసి పోయి గిన్నెలకెళ్లి మొసలి పిల్లను తీసి అరచేతుల పెట్టుకున్నది. అది కండ్లు మూసుకొని ఆమె బొటనవేలు మీద గదువ ఆనించింది. నల్ల పెట్ట వచ్చి కాళ్ల కాడ నిలబడ్డది.

ఆమె నన్ను నెత్తి నుంచి కాళ్ల దాక చూసింది.

"గుడ్డు నీది, పెట్ట నాది. కట్టుబాటు తప్పొద్దు కొడుకా, నీ సగం నీకు రావాలె. నోరున్న సగం తీస్కపోతవా, తోకున్న సగం తీస్కపోతవా?"