పక్క మిల్లులో మిషన్ పూజ

కొత్త టెక్నాలజీ మీద కన్నేసి ఉంచడానికి గుడివాడ మిల్లర్లకు ఒక్కటే పద్ధతి. ఎవరి మిల్లులో కొత్త మిషన్‌కి పూజ జరిగినా వెళ్లి, పులిహోర తిని, మిషన్ చూసి రావడం. మా మిల్లు తరఫున ఆ శాఖ నాది. మిల్లు బాబాయిది. నేను ఇంజనీరింగ్ చదివి ఖాళీగా ఉన్నాను కనుక అర్హతలు సరిపోయాయి.

ఆ ఏడు తుపానులో తడిసిన ధాన్యం కొన్నాం. నల్ల గింజలు ఎక్కువని బందరు షావుకారు మా బియ్యం లారీని తిప్పి పంపాడు. మళ్లీ ఇలాగే వస్తే కొననన్నాడు. ఆయన మానేస్తే మిల్లు మూతే. సరిగ్గా అప్పుడే పక్క మిల్లాయన నల్ల గింజలు ఏరే కలర్ సార్టర్ తెచ్చాడు.

"మన బియ్యం కాసిని పట్టుకెళ్లి అందులో పోయించు. మనవని మాత్రం చెప్పకు," అన్నాడు బాబాయి.

"పెళ్లిచూపులకైనా ఇంత గుట్టుగా వెళ్లావా బాబాయ్?"

బాబాయి సంచి నా చేతిలో పెట్టాడు.

పూజ అయ్యాక జనం పులిహోర దగ్గరికి కదిలారు. నేను సంచితో ఆపరేటర్ని బతిమాలుతుంటే వెనకే పక్క మిల్లాయన.

"ఏమయ్యా, సంచిలో పూజసామానా?"

"కాదండీ..."

"మీ బియ్యమేగా, పోయించు. సిగ్గెందుకు? అందరూ తెచ్చుకున్నారు."

నిజమే, ప్రతి మిల్లరు కాళ్ల దగ్గరా ఓ సంచి ఉంది. నల్ల గింజ కనబడితే మిషన్ గాలితో టప్పున కొట్టి పక్కకి తోసేస్తుంది; వాళ్ల బియ్యం పోసినప్పుడు అప్పుడప్పుడు టప్పుమంది. మావి పోస్తే వడగళ్ల వాన. పళ్లేలతో అందరూ మూగారు.

"ఇవి బియ్యమా, మినుములా?" అన్నాడొకాయన.

మామూలుగా ఆ జోకు నేను వెయ్యాలి. ఆ రోజు ఖాళీ సంచి మడతపెడుతూ ఉండిపోయాను.

పక్క మిల్లాయన నన్ను పక్కకి తీసుకెళ్లి, "మీరు మిషన్ కొనేదాకా సరుకు ఇక్కడికే తోలండి," అన్నాడు మెల్లగా. ఆయన వెక్కిరించినా బాగుండేది.

ఇంటికెళ్తే బాబాయి మొదటి ప్రశ్న, "ఎవరన్నా చూశారా?"

"అందరూ చూశారు," అని, సరుకు తోలమన్న పక్క మిల్లాయన మాట కూడా చెప్పాను. బాబాయి చెప్పులేసుకుని మిల్లుకి నడిచాడు. తర్వాత లారీ తియ్యమన్నాడు.

"టార్పాలిన్ కట్టిద్దామా?"

"అంతా చూశాక ఇంకెందుకురా?"

దారిలో నేను కేబిన్‌లో తల దించుకునే కూర్చున్నాను. బాబాయి మాత్రం అద్దం దించి, ఎదురైనవాళ్లందరికీ తనే చెప్పాడు: "మా బియ్యం ఏరించడానికి తీసుకెళ్తున్నాం."