రౌటర్‌కి కప్పిన అల్లిక గుడ్డ

నకూరులో మా పక్కింటి కెరూబో వాళ్ళమ్మ ఇంట్లో అల్లిక గుడ్డ కప్పని వస్తువు లేదు. సోఫాకి, టీవీకి, ఫ్లాస్కుకి, చివరికి రౌటర్‌కి కూడా దళసరిగా అల్లి కప్పింది. ఆ ఉక్కకి అది కాగిపోయి రోజూ మధ్యాహ్నం నెట్ పోతుంది. ఆవిడ కంపెనీకి ఫోన్ చేసి తిట్లు లంకించుకుంటుంది. కాసేపు ఆపి మళ్ళీ వేయమంటారు వాళ్ళు. గుడ్డ తీసి, మీట నొక్కి, ఆ కాసేపూ తిడుతూనే ఉంటుంది. ఈలోగా రౌటర్ చల్లారి నెట్ వస్తుంది.

"తిడితేగాని పనిచేయరు వెధవలు," అంటూ మళ్ళీ గుడ్డ కప్పేస్తుంది.

నిన్న ఉండబట్టలేక, "ఆ గుడ్డ తీసేయండి, నెట్ పోనే పోదు," అన్నాను.

"వచ్చినవాళ్ళ ముందు దాన్ని బోసిగా కూర్చోబెట్టమంటావా, ఒంగేరి వాళ్ళ నాన్నా? మీ ఇంట్లో అలాగే ఉందిగా. అందుకే మీ గడప ఎవరూ తొక్కరు."