మూత, దువ్వెన, ఒక మైకు

మామయ్య మైకు కొనడానికి బయలుదేరుతున్నాడంటే అత్తయ్య ముందు వంటింట్లోకి వెళ్లి మూతలు లెక్కపెట్టుకునేది. ఒకటి తగ్గేది. ఆ పూట పాలగిన్నె మీద పళ్లెం బోర్లా పడుకునేది.

సభలకూ పాటకచేరీలకూ మైకులు పెట్టడం మామయ్య వృత్తి. స్టీలు మూత మోగించి వినకుండా ఏ మైకునీ కొనేవాడు కాదు. రెండో జేబులో దువ్వెన ఉండేది. నెత్తిన నాలుగు వెంట్రుకలైనా ఉన్నవాళ్లకే దువ్వెన కావాలన్న నియమం ఆయనకు వర్తించదు.

కొట్లో మూత వాయించే భాగ్యం నాది. మైకు వెనక నిలబడి నేను చెంచాతో బాదుతుంటే, మామయ్య మైకు ముందు కూర్చుని దువ్వెన పళ్ల మీద గోటితో గీసేవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, కళ్లు మూత. పక్క కొట్లవాళ్లు బేరాలు వదిలేసి వచ్చి చూసేవాళ్లు. పెళ్లిచూపుల్లో వంకలు పెట్టే మేనత్తలా ఆయన ఒక్కో మైకునీ తిరగ్గొట్టేవాడు. ఇది మూతని నూనెలో వేయిస్తోందనేవాడు. దీనికి జలుబు చేసిందనేవాడు. ఖరీదైనది చూపిస్తే, మనది స్టీలు మూతరా, ఇది వెండిమూత అని చెబుతోంది, అబద్ధాలకోరు అని పక్కన పెట్టేవాడు.

“మాస్టారూ, అందరూ పాట పాడి చూసుకుంటారండీ,” అన్నాడు ఓసారి కొట్టాయన.

“పాట బాగుంటే మైకుని ఎవడు పట్టించుకుంటాడయ్యా? నువ్వు ఇంకోటి తియ్యి.”

ఆ ఏడాది మా వీధి చివరి హాల్లో వాయించే ముగ్గురి బృందానికి ఒక కండెన్సర్ మైకు అవసరమైంది. కండెన్సర్ అంటే ఊపిరి తీసినా పట్టేసే రకం. బృందంలో గిటారు అమ్మాయి బ్యాంకులో పనిచేసేది. ఒకే గదిలో, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇప్పటికీ ఆయన్ని లేపకూడదన్నట్టే వాయించేది. ఆమె పక్కనే డ్రమ్ములతను. అతన్ని అందరూ పిడుగు అనేవారు. అతను సింబల్స్ అనే ఆ ఇత్తడి పళ్లాల మీద ఒక్కటి వేశాడంటే గిటారు అన్నది ఆ సాయంత్రానికి లేనట్టే. మెల్లగా కొట్టమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. సామాన్లు మోసే వ్యాను అతనిది.

బృందానికి నాయకుడు పాటగాడు. మామూలు మైకు ఒక్కటి వచ్చేంత డబ్బు మామయ్య చేతిలో పెట్టి, వచ్చే కచేరీలో కూడా గిటారు వినపడకపోతే వేరే మనిషిని చూసుకుంటామని ఆ అమ్మాయి ముందే చెప్పాడు. సరేనండీ అంది ఆమె. అదీ వినపడలేదు.

వెంటనే పిడుగు, ఆ మైకు తన సింబల్స్‌కే పెట్టాలన్నాడు. లేకపోతే తనూ రాడు, వ్యానూ రాదు.

మామయ్య ఒక పూటంతా కొట్లో కూర్చుని, అన్నిటికన్నా చవకైన వాటిలోంచి వేలంత సన్నటి మైకు ఒకటి ఏరాడు. తర్వాత కొట్టాయన చెవిలో ఏదో అడిగి, అద్దాల బీరువాలో ఉన్న బంగారురంగు పెద్ద మైకుని కూడా సంచిలో వేసుకున్నాడు. కొట్టాయన డబ్బు అడగలేదు. నాకు అర్థం కాలేదు.

కచేరీ రోజు సన్నటి మైకుని గిటారు ముందు పెట్టి, బంగారు మైకుని రుమాలుతో తుడిచి సింబల్స్ మీద వేలాడదీశాడు. పిడుగు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

“తమ్ముడూ, దీని లోపల ఉల్లిపొర లాంటి రేకు ఉంటుంది. గట్టిగా కొట్టావంటే చిరిగిపోతుంది. నువ్వు ఊరికే తాకు, మిగతాది అది చూసుకుంటుంది.”

ఆ సాయంత్రం పిడుగు నిద్రపోతున్న పసిబిడ్డ మీద ఈగని తోలినట్టు వాయించాడు. గిటారు చివరి వరుస దాకా వినపడింది. మొదటి పాట మధ్యలోనే పాటగాడు వెనక్కి తిరిగి, వాయిస్తున్నది ఆ అమ్మాయేనా అన్నట్టు చూశాడు. కచేరీ అయ్యాక ఆమెతో వేరే మనిషి మాటెత్తలేదు. ఆదివారం రిహార్సల్‌కి త్వరగా రమ్మన్నాడు.

వైర్లు చుట్టడం నా పని. బంగారు మైకు వైరు పట్టుకుని వెళితే అది తివాచీ కిందకి దూరి, అక్కడే ఆగిపోయింది. దేనికీ తగిలించి లేదు. దాన్ని పట్టుకెళ్లి మామయ్యకి చూపించాను.

“మైకు గిటారుకిరా. మర్యాద డ్రమ్ములకి.”

“మరి ఇన్నాళ్లూ ఆ మూత మోత ఎందుకు?”

“మూతకి మైకెందుకు, ఎలాగూ వినపడుతుంది. అది మోగుతున్నా దువ్వెనని వినే మైకు కావాలి.”

ఇంతలో పిడుగు వచ్చాడు. తన సింబల్స్ జన్మలో అంత బాగా పలకలేదట. ఎడమవైపుకి కూడా అలాంటిదే ఒకటి కావాలట, ఖర్చు తనదేనట.

మర్నాడు కొట్టుకి వెళ్లాం. కొట్టాయన తల గోక్కున్నాడు. “అలా చెడిపోయినది ఒక్కటే ఉండేది మాస్టారూ. పనిచేసేది ఇమ్మంటారా?”

“వద్దు బాబూ, ఎవరైనా వైరు తగిలిస్తే అది నిజంగానే వింటుంది.”

కొట్టాయన అద్దాల బీరువా తెరిచాడు.

“అయితే రేపు రండి. ఒకటి చెడగొట్టి ఉంచుతాను.”