సమోవా ఆటగాడితో చెడుగుడు

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా టౌన్‌హౌస్‌ల వెనక అందరికీ కలిపి ఒక పచ్చిక ఉంది. కుక్కల్ని తిప్పేవాళ్ళు తప్ప అటు వెళ్ళేవాళ్ళు ఉండరు. ఒక శనివారం పొద్దున కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి చూస్తే, కొత్తగా దిగిన పక్కింటాయన అక్కడ ఉన్నాడు. తన భార్య పట్టుకున్న మెత్తటి సంచిని పరుగున వచ్చి భుజంతో గుద్దుతున్నాడు. గుద్దిన ప్రతిసారీ ఆవిడ తల అడ్డంగా ఊపి తన మెడ చూపిస్తోంది. దెబ్బ మరీ పైకి తగిలిందని చెబుతోందన్నమాట.

కిందకి దిగి వెళ్ళి పలకరించాను. ఆయనది సమోవా. పసిఫిక్ సముద్రం మధ్యలో, మన ఒక్క జిల్లా అంత కూడా లేని దేశం. ఇసుకలో ఉత్త కాళ్ళతో రగ్బీ నేర్చుకున్నాడు. కుర్రతనంలోనే న్యూజిలాండ్ వెళ్ళి, పగలు మాంసం ఫ్యాక్టరీలో పని, సాయంత్రాలు క్లబ్బులో ఆట. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో కొన్నేళ్ళు, ఇంగ్లండ్‌లో కొన్నేళ్ళు ఆడి, చివరికి కాలిఫోర్నియాలో ఒక జట్టులో చేరాడు. వీటన్నిటి మధ్యలో తన దేశపు నీలం జెర్సీ కూడా వేసుకున్నాడు. ఆ జెర్సీలో ఆడిన ఆఖరి ఆటలో, అడ్డుకోబోయినప్పుడు ఆయన భుజం ఎదుటివాడి తలకి తగిలింది. రిఫరీ ఎర్ర కార్డు చూపించి బయటికి పంపేశాడు. ఆ తర్వాత దేశం ఆయన్ని మళ్ళీ పిలవలేదు.

"స్టేడియం అంతా చూస్తుంటే ఒక్కణ్ణే నడిచి బయటికొచ్చాను సిస్టర్. మా వాళ్ళు నన్ను ఆఖరిసారి చూసింది అలాగే" అన్నాడు ఇంగ్లీషులో. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మళ్ళీ ఆ జెర్సీ వేసుకుని ఆట ముగిసేదాకా మైదానంలో ఉండాలి. అదీ ఆయన కోరిక. అప్పటికే ముప్పై అయిదు దాటాయి. ఇంకో ఎర్ర కార్డు పడితే ఎవరూ తీసుకోరని ఆయనకీ తెలుసు.

నేను ఊరుకోవాల్సింది. కానీ నా నోరు ఊరుకోదు. కాలేజీలో నేను చెడుగుడు ఆడాను. లెఫ్ట్ కార్నర్. కూతకొచ్చిన పిల్ల చీలమండ పట్టి పడేయడం నా పని. నా చేతికి చిక్కి గీత దాటినవాళ్ళు తక్కువ. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. ఇప్పుడు ఆఫీసులో ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టుకుంటున్నాను, పెద్ద తేడా ఏం లేదు.

"నువ్వు ఎదుటివాడు దగ్గరికొచ్చాక వంగుతున్నావు. అప్పటికి ఆలస్యం అయిపోతోంది. వాడు రాకముందే వంగి ఉండాలి" అన్నాను. ఆయన మర్యాదగా విన్నాడు. కోచ్‌లందరూ కిందకి, కిందకి అనేవాళ్ళే గానీ ఎప్పుడు కిందకి అన్నది ఎవరూ చెప్పలేదట. చేసి చూపించమన్నాడు.

మా ఆయన బాల్కనీలోంచి కేక పెట్టాడు. "ఏయ్, నీకేమన్నా పిచ్చా? ఆయన నీ మీద పడితే ఇన్సూరెన్స్ కూడా క్లెయిమ్ అవ్వదే!"

మా అమ్మాయి ఇంట్లోంచే బతిమాలింది. "అమ్మా, ప్లీజ్, ఎంబరాస్ చేయకు!"

చున్నీ నడుముకి బిగించి, మోకాళ్ళు వంచి కూర్చున్నంత కిందకి దిగాను. ఆయన మెల్లగా పరుగెత్తుకొచ్చాడు. చీలమండ పట్టి లాగాను. పచ్చికలో దబ్బున పడ్డాడు. నిజంగా పడ్డాడో, నా పరువు కోసం పడ్డాడో ఈ రోజుకీ చెప్పడు. నా తొడలు మాత్రం వారం రోజులు మెట్లెక్కనివ్వలేదు.

అప్పటినుంచి శనివారాలు మా పచ్చికలో చెడుగుడే. ఆయన ఎప్పుడూ కార్నరే, నేను మార్చనిచ్చేదాన్ని కాదు. కూత ఎంతసేపు సాగితే అంతసేపు వంగే ఉండాలి. లేచాడా, ఇంటర్నేషనల్ ప్లేయర్ అని కూడా చూడకుండా తిట్టేదాన్ని. ఎంబరాస్ అయిన మా అమ్మాయే రెండో వారంలో షూ కట్టుకుని కూతకొచ్చింది. ఆయన భార్య నవ్వాపుకోలేక కూత మధ్యలో అవుటయ్యేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. చెమటలు కారుతున్నా వంగే ఉండేవాడు. పట్టుదల అంటే ఏమిటో నేను మర్చిపోయి చాలా ఏళ్ళయిందని ఆయన్ని చూశాకే తెలిసింది.

ఆ సీజన్‌లో తన జట్టు తరఫున ఆయన ఒక్క కార్డు లేకుండా ఆడాడు. ఎండాకాలంలో సమోవా జట్టు అమెరికాతో ఆడటానికి కాలిఫోర్నియా వచ్చింది. వాళ్ళలో ఒకడికి దెబ్బ తగిలి, ఆయనకి ఫోన్ వచ్చింది. గోడ అవతల నుంచి ఏడుపు వినపడితే ఎవరికేమైందోనని పరుగెత్తాను. తలుపు తీస్తే భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్నారు.

స్టేడియంకి మేం ముగ్గురం వెళ్ళాం. మా ఆయన అమెరికా టీషర్టు వేసుకొచ్చాడు, నన్ను ఉడికించడానికి. ఆటకి ముందు సమోవా జట్టు నిలబడి తొడలు చరుస్తూ యుద్ధనాట్యం చేసింది. అందులో మా పక్కింటాయన గొంతు నేను గుర్తుపట్టాను.

రెండో సగంలో ఆయన్ని మైదానంలోకి దించారు. చివరికొచ్చేసరికి సమోవా కాస్తంత ముందుంది. అమెరికావాళ్ళు బంతిని గీత అవతల నేలకి ఆనిస్తే చాలు, గెలుపు వాళ్ళదే. వాళ్ళలో ఒక బలిష్ఠుడు బంతి గుండెకి అదుముకుని నేరుగా ఆయన మీదకే వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. "వంగు! వంగు!" అని అరిచాను, అంత దూరం వినపడుతుందన్నట్టు. ఆయన అప్పటికే వంగి ఉన్నాడు. రెండు చేతులతో తొడలు చుట్టేసి, గీతకి అడుగు ఇవతల అతన్ని కూల్చేశాడు. బంతి అతని చేతుల్లోంచి ముందుకి జారిపోయింది. రగ్బీలో అలా జారితే తప్పు, ఇక ఆ దాడి అక్కడితో సరి. సమయం కూడా అయిపోయింది.

విజిల్ మోగింది. కానీ రిఫరీ చెయ్యెత్తి అందరినీ ఆగమన్నాడు. భుజం తలకి తగిలిందేమో చూడాలట. పెద్ద తెర మీద అదే దెబ్బ మళ్ళీ మళ్ళీ నెమ్మదిగా వేశారు. ఆయన మోకాళ్ళ మీదే ఉండిపోయాడు, తెర వైపు చూడలేదు. నేను మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తెర మీద భుజం తొడకి తగిలింది. ఇంకో వైపు నుంచి చూపించినా తొడకే. రిఫరీ తల ఊపి, ఏమీ లేదని సైగ చేసి, ఆట అయిపోయిందని విజిల్ ఊదాడు.

సమోవావాళ్ళంతా ఆయన మీద కుప్పగా పడ్డారు. అమెరికా టీషర్టులో మా ఆయన కుర్చీ ఎక్కి గంతులేశాడు. నేను ఏం అరిచానో నాకే తెలియదు. తెలుగులో బూతులు కూడా ఉన్నాయని మా అమ్మాయి అంటుంది.

ఆయన భార్య కంచె దాటి వెళ్ళి వాళ్ళ ఆచారం ప్రకారం ఆయన మెడలో చాక్లెట్లు గుచ్చిన దండలు వేసింది. జనం వెళ్ళిపోతున్నారు. సెక్యూరిటీ మనిషి వచ్చి, గ్రౌండ్ ఖాళీ చేయాలి సార్ అన్నాడు. ఆయన పచ్చిక మీద బాసింపట్టు వేసుకుని స్థిమితంగా కూర్చున్నాడు.

"ఈ రోజు నన్నెవరు బయటికి పంపిస్తారో చూస్తాను" అన్నాడు.